బాణం మార్చనివ్వని అక్క

ఆమె చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను భివండీ దగ్గరి పూర్ణలో, నేను పనిచేసే గోదాములో, ప్యానెల్ బోర్డు ముందు నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది కామత్‌ఘర్‌లో ఆమె దుకాణం పక్కన టీ అమ్మే మనిషి. "అక్క పోయిందే. పొద్దుగాల కుర్సీల కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని, ఎందుకో తెలియదు, ఎడమ చెంప తడుముకోవడం.

నా బతుకులో నన్ను అన్నిసార్లు కొట్టిన మనిషి ఇంకొకరు లేరు. మా నాయన కూడా అన్ని దెబ్బలు కొట్టలేదు. ఆమె దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. పెళ్లయింది, బిడ్డ పుట్టింది, మీసాలున్నాయి. అయినా షేర్ ఆటోలు ఆగే చోట, గల్లీ అంతా చూస్తుండగా కొట్టేది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. నేను ప్లస్ రాయాల్సిన చోట మైనస్ రాయడం.

ఆమె మోటార్లు చుట్టేది. పవర్‌లూమ్‌లను మా దిక్కువాళ్లం సాంచెలు అంటాం. సాంచెల మోటార్లు మాడిపోతే విప్పి, లోపలి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇచ్చేది. ముంబై పక్కన ఈ భివండీలో ఆ పని చేసే ఆడమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. పదడుగుల గది, సగం ఎత్తిన షట్టర్, మాడిన వాసన, నల్ల బండల నేల. జుట్టు ముడేసి ఆ ముడికి పిన్ను బదులు రాగితీగ ముక్క చుట్టుకునేది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే మోటార్లకు కట్టే నూలు టేపుతోనే కట్టుకుంది. కోపం వస్తే ముందు చేతిలో ఉన్నది విసిరేది, తర్వాత తిట్టేది, ఆ తర్వాత ఎందుకు కోపం వచ్చిందో చెప్పేది. ఈ వరుస ఎప్పుడూ తప్పలేదు.

కరీంనగర్ దిక్కు పాలిటెక్నిక్‌లో రెండేళ్లు చదివిందట. మూడో ఏడు పెళ్లి చేసి పంపారు. భర్త అప్పటికే భివండీలో మోటార్లు చుట్టేవాడు, తాగేవాడు, కొట్టేవాడు. పద్నాలుగేళ్లు కొట్టాడు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఆమె వీపు చూసి తలతిప్పుకునేవాళ్లని మా ఆవిడ చెప్పింది. ఒకరోజు కొడితే ఎడమ చెవి వినబడకుండా పోయింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. తీగచుట్టలను లోపలికి దిగగొట్టే కర్ర సుత్తి చేతిలోకి తీసుకుని, "ఏ చెయ్యితోని కొట్టినవ్?" అని అడిగింది. ఆయన నవ్వి కుడిచెయ్యి చూపించాడు. ఆ చెయ్యి పట్టి బల్ల మీద పెట్టి, మణికట్టు మీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత తానే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయింది.

ఆ మణికట్టు మళ్లీ సరిగా అతకలేదు. మరుసటి వారం ఆయన కూర్చునే చోట ఆమె కూర్చుంది. ఆయన షట్టర్ బయట స్టూలు మీదికి మారాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ వంకర చెయ్యి చూసి ఏమైందని అడిగితే దాచేవాడు కాదు. "ఇగో, లోపలున్నది సూడు, గామె ఇరగ్గొట్టింది" అని గడ్డంతో చూపించేవాడు. కాలేయం చెడి చనిపోయేదాకా ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టింది ఆమే, తిట్టుకుంటూ.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "రెండో దెబ్బ ఎందుకు కొట్టినవక్కా?"

"మొదటిది కోపంల కొట్టిన. రెండోది సోంచాయించి కొట్టిన" అంది తీగ చుట్టడం ఆపకుండా.

నేను పన్నెండేళ్లు సాంచెలు నడిపినవాణ్ని. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇంకో పని కావాలని వైర్‌మన్ పరీక్ష రాస్తే ఫెయిలయ్యాను. చేతిపని వచ్చు, సర్క్యూట్ లెక్కలు రావు. ఆమె నేర్పుతుందని ఎవరో చెబితే పోయాను.

"ఎందుకు ఫెయిలైనవ్?"

"లెక్కలు రావక్కా."

"లెక్కలు కాదు. నీకు కరంటంటె భయం లేదు. భయం లేనోనికి లెక్క రాదు. రేపటిసంది రా."

ఆ నల్ల బండల నేలే ఆమె పలక. సుద్దముక్కతో పక్కపక్కన రెండు కిటికీల్లా రెండు చుట్లు గీసేది. వాటిలో రెండు బ్యాటరీలు, మూడు రెసిస్టెన్సులు. వోల్టేజీలు రాసేది. ఏ తీగలో ఎంత కరెంటు పోతుందో నేను చెప్పాలి.

"ముందుగాల బాణాలు పెట్టు."

"ఎటు దిక్కు పెట్టాలె అక్కా? కరంటు ఎటు పోతదో తెల్వదు గద."

"నీకెట్ల తెలుస్తది? నాకు గూడ తెల్వదు. నీకు ఇష్టమున్న దిక్కు పెట్టు. తప్పు పెడితె జవాబే మైనస్ వచ్చి చెప్తది. గని ఒక్కసారి పెట్టినంక మార్చకు. సగంల మార్చినోనికి ఏడేండ్లు చేసినా లెక్క రాదు."

నేను సగంలో మార్చేవాణ్ని. జవాబు మైనస్ వచ్చేలా ఉందని అనుమానం రాగానే, వంగి కూర్చుని అరచేత్తో బాణం చెరిపి తిప్పి గీసేవాణ్ని. అప్పుడు చెంప మీద పడేది. నా వేళ్లకు సుద్ద, నా చెంపకు ఆమె వేళ్ల వార్నిష్.

చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి వస్తే ఎక్కినవీ దిగినవీ కలిపి సున్నా రావాలి. బ్యాటరీలో మైనస్ నుంచి ప్లస్‌కు పోతే ఎక్కడం. రెసిస్టెన్సులో కరెంటు పోయే దిక్కుకు పోతే దిగడం, ఎదురు పోతే ఎక్కడం. ఆ ఎదురు పోవడం నాకు ఎంతకీ తలకెక్కలేదు. ఒకనాడు ఆమె నా చొక్కా మెడ దగ్గర పట్టి ఎదురుగా ఉన్న అద్దెగదుల చాల్ మెట్ల దగ్గరికి లాక్కుపోయింది. కింద నల్లా దగ్గర నిలబెట్టింది.

"ఎక్కు. మెట్లు లెక్కపెట్టుకుంట ఎక్కు. ఎక్కితె ప్లస్సు, దిగితె మైనస్సు. ఆ దిక్కు మెట్లకెల్లి దిగి మళ్ల ఈ నల్ల కాడికి రా."

పదకొండుసార్లు ఎక్కించింది, దింపించింది. నీళ్లు పట్టుకునేవాళ్లు బిందెలు పక్కన పెట్టి నవ్వారు.

"ఎంతొచ్చింది?"

"సున్నా అక్కా."

"నల్ల కాడికెల్లి బయలెల్లి నల్ల కాడికే వచ్చినవ్. సున్నా గాక నీ బొంద వస్తదా? గదే లెక్క. ఇప్పుడు ఉల్టా తిరుగు. పోయే దిక్కు మారుస్తె ఎక్కుడు దిగుడు రెండూ మారినయ్. సున్నా మారిందా?"

మారలేదు. ఆ రోజు నుంచి గుర్తులు తప్పడం తగ్గింది.

కరెంటు లెక్క ఇంకా తేలిక అనేది. మూడు తీగలు కలిసే చోటుకు ఎంత వస్తే అంత పోవాలి. షట్టర్ కింది నుంచి, మూడు దారులు కలిసే నాకా దిక్కు చెయ్యి చూపించేది. "గా ఆటోలు సూడు. రెండు తొవ్వలకెల్లి వస్తయ్, మూడో తొవ్వల పోతయ్. నాకా ఏమన్న మింగుతదా? వచ్చినన్ని పోవాలె. నీ లెక్కల పోలేదంటె ఇంకేదో తొవ్వ ఉన్నది. ఆ తొవ్వ దేవులాడు. గది మనిషి మీదికెల్లి ఉంటది."

ఆ మాట వారానికొకసారి అనేది. నేను వారానికొకసారి తల ఊపేవాణ్ని.

అలాంటి మనిషికి దేవుడి సన్నిధి కూడా అడ్డం కాదు. ఒక ఆదివారం వాళ్ల తెలుగు చర్చిలో వాక్యం జరుగుతుండగా, పిల్లలు కూర్చున్న చాప కింది నుంచి తోలు ఊడిన వైరు పోవడం చూసి, లేచి నడిచివెళ్లి మెయిన్ ఆపేసింది. మైకు పెట్టినవాడు ఎగిరిపడితే వాడి వైరుతోనే వాణ్ని రెండు వేసింది. "అయ్యగారూ, ముందుగాల వైరు, గప్పుడు వాక్యం" అని చెప్పి, వైరు మార్చేదాకా మెయిన్ దగ్గరే నిలబడిందట. ఆ తర్వాత వెనక బల్ల మీద కూర్చుని అందరికంటే గట్టిగా పాట పాడిందని కూడా చెప్పారు.

ఇక చెప్పక తప్పని సంగతి.

రెండో ఏటికి నాకు లెక్కలు చాలావరకు వచ్చాయి. లైసెన్సు రాలేదు. అయినా ఆమెకు తెలియకుండా చిన్న చిన్న పనులు ఒప్పుకుంటున్నాను. టెంఘర్‌లో ఒక సాంచెల షెడ్డు. దాని పక్కన మురికినీళ్ల నాలీ తవ్వుతూ ఎర్తు వైరు తెంపేశారు. సాంచెల ఇనప చట్రాల నుంచి భూమిలోని గుంతకు పోయే వైరు అది. ఎక్కడన్నా కరెంటు చట్రంలోకి జారితే మనిషి మీదుగా కాకుండా ఆ వైరులోంచి పోవాలని కడతారు. కొత్త గుంత తీద్దామన్నాను. షెడ్డు యజమాని సేఠ్ చెయ్యి ఊపాడు.

"అభీ న్యూట్రల్ మే జోడ్ దే. బాద్ మే దేఖేంగే."

న్యూట్రల్ అంటే ఫ్యాన్లూ లైట్లూ వాడుకున్న కరెంటు తిరిగి పోయే వైరు. చట్రాల వైరును దానికి కలిపెయ్, తర్వాత చూద్దాం అంటున్నాడు. అలా కలపకూడదని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో నాకు తెలుసు. అయినా కలిపాను. కాదంటే సేఠ్ పని ఇవ్వడని భయపడ్డాను. చెబితే ఆమె చంపుతుందని భయపడ్డాను. కరెంటుకు మాత్రం భయపడలేదు.

రెండు నెలలు ఏమీ కాలేదు. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను ఆమె దుకాణంలో నేల మీద వంగి లెక్క చేస్తుంటే, సాంచెలు నడిపే మనిషి ఒకడు ఆటో దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, టెంఘర్ల మనోడొకడు సాంచెకు అంటుకపోయిండు. నువ్వు జెర్ర రా. సేఠ్ మనుషులు ఏదేదో చెప్తున్నరు."

"ఏ షెడ్డు?" అని అడిగింది నేను.

"నాలీ పక్క షెడ్డు."

ఆమె టెస్ట్ ల్యాంపు, పట్టకారు తీసుకుంది. "నడువ్" అంది. నేను ఏదో వంక చెప్పి ఆగిపోవచ్చు. ఆటో ఎక్కాను.

మేం పోయేసరికి మెయిన్ ఆపేసి ఉంది. మనిషిని దవాఖానకు తీసుకుపోయారు, ప్రాణం మాత్రం ఆ షెడ్డులోనే పోయింది. చుట్టుపక్కల షెడ్లవాళ్లు వందమందికి పైగా వచ్చారు. కిటికీ అద్దాలు పగిలి నేలంతా ఉన్నాయి. ఆఫీసు గది తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది, బయట ఇద్దరు దాన్ని తంతున్నారు. చనిపోయినవాడు సిరిసిల్ల దిక్కువాడు, నా ఈడువాడు. ఆ షెడ్డులో నేను పనిచేసిన రోజు తన డబ్బాలోని అన్నం సగం నాకు పెట్టాడు. అతని భార్య అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేది. నేల మీద కూర్చుని ఉంది. చేతిలో సగం చుట్టిన కండె అలాగే ఉంది.

మేనేజరు గోడకు ఆనుకుని అరుస్తున్నాడు, వాడు తాగి కరెంటు బాక్సులో చెయ్యి పెట్టాడని.

"అబద్ధం" అంది ఆ భార్య, గొంతు పెంచకుండా. "ఆయన బాక్సు దిక్కు పోనే లేదు."

అక్క ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "బిడ్డా, వరుసగ చెప్పు. ముందుగాల ఏం ఆగింది?"

"ఫ్యాన్లు ఆగినయ్. లైట్లు పోయినయ్. సాంచెలు నడుస్తనే ఉన్నయ్. ఆయన నల్ల కాడ మొఖం కాళ్లు కడుక్కొని వచ్చిండు. చెప్పుల్లెవ్వు. సాంచె ఆపుదామని చెయ్యి పెట్టిండు. ఇగ తియ్యలే."

"మాకు గూడ జుమ్మన్నది. మేం చెప్పులేసుకున్నం" అన్నారు ఇద్దరు ముగ్గురు.

అక్క జేబు లాంటి తన నడుము సంచీలోంచి సుద్దముక్క తీసి ఆ షెడ్డు నేల మీద గీసింది. మనుషులు చుట్టూ మూగారు. "గిది కరంటు వచ్చే వైరు. గిది ఫ్యాను. గిది వాపస్ పోయే వైరు. గిది బాక్సు కాడ కాలి తెగింది, గందుకే ఫ్యాన్లు ఆగినయ్. సాంచెలకు ఈ వైరుతోని పని లేదు, గవి నడిసినయ్. వాపస్ తొవ్వ లేకపోతె కరంటు ఆడనే ఆగాలె. మనిషిని చంపొద్దు. చంపిందంటె దానికి ఇంకో తొవ్వ దొరికింది. ఏడికెల్లి దొరికింది?"

లేచి, సాంచె చట్రానికి బిగించిన వైరు పట్టుకుని నడిచింది. వైరు గోడ వెంట పోయింది. ఆమె చెయ్యి దాని వెంట పోయింది. నేను ఆమె వెనక పోతున్నాను. బాక్సు తెరిచింది. చట్రాల వైరు, న్యూట్రల్ వైరు ఒకదానితో ఒకటి మెలిపెట్టి ఉన్నాయి. వాపసు పోలేని కరెంటు ఆ మెలిక మీదుగానే చట్రాల్లోకి వచ్చింది. టేపు విప్పింది. అయిదు మెలికలు, చివర బయటికి పొడుచుకురాకుండా పట్టకారుతో అణిచిన కొన, టేపు ఒక వరుస ఇటు, ఇంకో వరుస అటు. ఆ ముడి అలా కట్టడం నాకు ఆమే నేర్పింది. కొన వదిలేసినందుకు ఎన్నోసార్లు కొట్టి నేర్పింది.

చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గిది ఎవడు కట్టిండు?"

"తెల్వదక్కా."

"ఇంకోసారి అడుగుతున్న. మార్చకుండ చెప్పు."

నేను ఆ ముడి మీది నుంచి కళ్లు తిప్పుకున్నాను. ఆమె చేతిలోని పట్టకారు నా దవడ మీద పడింది. పన్ను విరిగి నోట్లోకి వచ్చింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద పడ్డాను. మూడోదానికి చెయ్యి ఎత్తినప్పుడు ఆమె ముఖం చూశాను. కళ్లద్దాల వెనక నీళ్లు కారిపోతున్నాయి.

"నేనే అక్కా" అన్నాను రక్తం నిండిన నోటితో. "సేఠ్ కట్టుమంటె నేనే కట్టిన."

అది గుంపు విన్నది. తర్వాత ఏం జరిగిందో వరుసగా గుర్తులేదు. ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు. డొక్కలో తన్నులు. సాంచెల పికింగ్ కర్రలతో వీపు మీద, కాళ్ల మీద. పగిలిన అద్దం మీద దొర్లాను, మోచెయ్యి చీరుకుపోయింది. చచ్చిపోతానని తెలుస్తూనే ఉంది. తప్పించుకోవాలని మాత్రం అనిపించలేదు. ఒకడు ఇనప పైపు ఎత్తడం కింది నుంచి చూశాను. నా తలకు గురిపెట్టాడు. అప్పుడు నా మీద ఏదో బరువు పడింది. అక్క అడ్డంపడి కుడిచెయ్యి పైకి పెట్టింది. పైపు ఆ చేతి మీద దిగింది. సాంచెల మధ్య సగం పోయిన నా చెవులకు కూడా ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

ఆమె అరవలేదు. అరిచింది తర్వాత, లేచి నిలబడ్డాక.

"వీడు సస్తె సేఠ్ బతికిపోతడు! గింత తెల్వదారా మీకు? చెప్పినోడు ఆయన, కట్టినోడు వీడు. ఇద్దరు పోలీసుల కాడ చెప్పాలె. వీడు నాకు బతికుండి కావాలె. దగ్గరికి వస్తె నరుకుత!"

విరిగిన చెయ్యి పక్కన వేలాడుతోంది. ఎడమచేతిలో ఆ పట్టకారు. వందమంది ఆగిపోయారు. అప్పటికి ఆఫీసు తలుపు బద్దలైంది. సేఠ్‌ను చొక్కా చిరిగేలా ఈడ్చుకొచ్చారు. ఆమె అతన్నీ కొట్టనివ్వలేదు. ఆ సుద్దబొమ్మ పక్కన మా ఇద్దర్నీ నేల మీద కూర్చోబెట్టి, పోలీసులు వచ్చేదాకా మా ముందు నిలబడింది. వాళ్లు వచ్చాక ఎడమచేత్తో మళ్లీ మొదటి నుంచి గీసి, వచ్చీరాని హిందీలో వాళ్లకు చెప్పింది. ఒక పోలీసు ఆ బొమ్మ మీద బూటు పెడితే అతన్ని పక్కకు తోసింది. అంతా రాయించాకే దవాఖానకు పోయింది.

నేను నలభై రోజులు జైల్లో ఉన్నాను. సేఠ్ మొదటి వారంలోనే బయటికొచ్చాడు. నేను వచ్చాక గదిలోంచి కదల్లేదు. మా ఆవిడ సాంచెల పనికి పోయేది, నేను గోడ చూస్తూ పడుకునేవాణ్ని. బిడ్డ దగ్గరికి వస్తే చేతులు వెనక దాచుకునేవాణ్ని.

ఒక పొద్దున ఆమె మూడంతస్తులు ఎక్కి వచ్చి తలుపు కాలితో తన్నింది. కుడిచేతికి కట్టు.

"లే. పరీక్ష ఉన్నది."

"నేనిగ కరంటు ముట్టనక్కా. ఒక మనిషిని చంపిన."

"చంపినవ్. నేను కాదంటలేను."

"మరి ఎట్ల రమ్మంటవ్?"

ఎడమచేత్తో కొట్టింది. ఈసారి కుడి చెంప. "నువ్వు మానేస్తె గా షెడ్లల్ల వైర్లు ఎవరు కడ్తరు? ఇంకొకడు వస్తడు. వానికి నీ అంత గూడ తెల్వదు. ఆ సేఠ్ మళ్ల గదే చెప్తడు, వాడు మళ్ల గదే కడ్తడు. నీకు ఇప్పుడు భయం వచ్చింది. భయం వచ్చినోన్ని ఇంట్ల పండవెడ్తనా? లే."

నేను లేచి ఆమె వెంట నడిచాను. షట్టర్ కింద వంగి లోపలికి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. ఆమె కూర్చునే చోట చనిపోయినవాడి భార్య కూర్చుని ఉంది. ముందు మోటార్ చట్రం, చేతిలో రాగితీగ.

అక్క విరిగిన చెయ్యి వంకరగానే అతికింది. ఆమెకు ఇక తీగ చుట్టడం రాలేదు. కండెలు చుట్టిన ఆ చేతులను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. మొగుడి చెయ్యి విరగ్గొట్టినందుకు దేవుడు చూపించాడని ఎవరో ఆడమనిషి అంటే, నీళ్లతో ఉన్న బకెట్టు ఆమె మీదికి విసిరిందట.

ఆ గదిలో మేం ముగ్గురం. అక్క కుర్చీలో. చనిపోయినవాడి భార్య మోటార్ ముందు. నేను నేల మీద, ఆమెకు నాలుగడుగుల దూరంలో, సుద్దముక్కతో. ఆమె నాతో మాట్లాడలేదు. నా వైపు చూడలేదు. నేను గుర్తు తప్పు రాసి అక్క చెయ్యి నా చెంప మీద పడినప్పుడు మాత్రం తీగ చుట్టే ఆమె చేతులు ఒక్క క్షణం ఆగేవి. మళ్లీ కదిలేవి. ఆ చప్పుడు కోసం ఆమె ఎదురుచూస్తోందని నాకు అర్థమయ్యేది. కొన్నిసార్లు తెలిసి కూడా తప్పు రాశాను.

అది అక్క కనిపెట్టింది. బయటికి తీసుకుపోయి, "ఇంకోసారి కావాలని తప్పు రాస్తె నిన్ను రానియ్య" అంది.

"నేను తప్పొప్పుకున్ననని నువ్వన్న ఆమెకు చెప్పక్కా. మాఫీ..."

"నన్ను నడుమ పెట్టకు. మాఫీ అడిగి నీ బరువు ఆమె మీద పెడ్తవా? ఆమెకున్నది చాలదా? లెక్క నేర్చుకో. ఆమెకు నువ్వు చెయ్యగలిగింది గంతే."

మరుసటి ఏడు పరీక్ష పాసయ్యాను. కాగితం చూపించడానికి పోయినప్పుడు అక్క కుర్చీలోంచి లేచి నా చెంప దగ్గరికి చెయ్యి తెచ్చింది. నేను అలవాటుగా కళ్లు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. ఆ గరుకు చెయ్యి అక్కడే ఆగి ఉంది.

"కండ్లు తెరువు. ఇప్పటిసంది నిన్ను కొట్టెటోళ్లు ఉండరు. గదే నాకు భయం" అంది.

కేసు ఇప్పటికీ నడుస్తోంది. ప్రతి వాయిదాకూ పోతాను. అడిగినప్పుడల్లా ఒకే మాట చెబుతాను. సేఠ్ తరఫు మనిషి ఒకసారి మా ఇంటికి వచ్చి, ముడి కట్టలేదని చెబితే నీకే మంచిదని అన్నాడు. అక్కకు చెబితే ఆ మనిషి ఇల్లెక్కడో చెప్పమని సుత్తి పట్టుకుని లేచింది. ఆపడానికి నేనూ టీ దుకాణం మనిషీ కలిసి షట్టర్ దించాల్సి వచ్చింది.

ఆమె అంత్యక్రియలకు గల్లీ అంతా వచ్చింది. ఆమె చేత దెబ్బలు తిన్నవాళ్లే ఎక్కువమంది, పెట్టె మోసింది కూడా వాళ్లే. మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది. తెలియని నంబరు. ఆడగొంతు. ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాను.

"దుకాన్ల మోటర్ ముట్టుకుంటె జుమ్మంటున్నది. వచ్చి సూడు."

అంతే. పెట్టేసింది.

పోయాను. టెంఘర్‌లో చనిపోయినవాడి భార్య ఒక్కతే ఉంది. మెయిన్ ఆపి, పరీక్షించే బల్ల నుంచి ఎర్తు వైరు పట్టుకుని వెనక గోడ దాకా పోయాను. గుంత దగ్గర బిగింపు తుప్పుపట్టి విడిపోయి ఉంది. గుంత తవ్వి, కొత్త బిగింపు వేసి, కొత్త వైరు లాగి, ఉప్పూ బొగ్గూ నింపి నీళ్లు పోశాను. సాయంత్రమైంది. అంతసేపూ ఆమె షట్టర్ దగ్గర నిలబడి నా చేతులనే చూసింది. మీటరుతో ఒకటికి రెండుసార్లు చూసి మెయిన్ వేశాను. మోటార్ తిరిగింది.

"అయింది" అన్నాను.

ఆమె కదల్లేదు.

"ముందుగాల నువ్వు ముట్టు" అంది.

చెప్పులు విప్పాను. నల్ల బండల మీద నిలబడి, తిరుగుతున్న మోటార్ ఒంటి మీద అరచెయ్యి పూర్తిగా ఆనించాను. ఆమె నా చేతిని చూసింది, ముఖాన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి తన చోట కూర్చుని, విప్పి ఉన్న ఇంకో మోటార్‌ను ముందుకు లాక్కుని తీగ అందుకుంది. నేను ఇంకా చెయ్యి తియ్యలేదు.